మూడు దారులు కలిసే మెట్టు

పొద్దున్నే మెలకువ రాగానే జానకమ్మగారు మంచం మీద కూర్చుని ముందుకు వంగి, కాలు కింద పెట్టకముందే నేలను రెండు వేళ్ళతో తాకి, ఆ వేళ్ళు కళ్ళకద్దుకునేవారు. కాలు మోపుతున్నాను తల్లీ, తప్పు కాయి అని భూదేవికి చెప్పుకోవడం అది. చిన్నప్పుడు వాళ్ళమ్మ నేర్పింది. బాపట్ల దగ్గర పల్లెలో, పేడతో అలికిన నేల మీద చేసినంతకాలం ఆవిడకి దాని గురించి ఏ సందేహమూ రాలేదు. ఢిల్లీ వచ్చాక మునిర్కాలో, మూడో అంతస్తులో, సిమెంటు గచ్చు మీద చేస్తుంటే మనవరాలు హరిప్రియ ఒకరోజు పళ్ళు తోముకుంటూ వచ్చి అడిగింది.

"నాయనమ్మా, దీని కింద నేల లేదు కదా. కింద వాళ్ళ పంఖా ఉంది. నువ్వు రోజూ పంఖాకి నమస్తే చేస్తున్నావ్."

జానకమ్మగారికి నవ్వొచ్చింది. "పంకా కింద వాళ్ళిల్లు, వాళ్ళింటి కింద ఇంకొకళ్ళిల్లు, దాని కింద ఆవిడుందమ్మా. నేను దిగలేకపోయినా నా దండం దిగుతుందిలే."

మాట తేలిగ్గానే అన్నారు గానీ, దిగలేకపోవడం అంత తేలికైన సంగతి కాదు.

భర్త పోయిన ఏడాది చలికాలంలో కొడుకు సదాశివరావు ఊరికి వచ్చి, ఇల్లు తమ్ముడి వరసవాళ్ళకి అప్పజెప్పి, తల్లిని రైలెక్కించాడు. అప్పటికే ఆవిడ మోకాళ్ళు అరిగిపోయి ఉన్నాయి. మునిర్కాలో ఇళ్ళు కొద్దిపాటి జాగాలో ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి. ఆ మేడమెట్లు నిచ్చెన కంటే కాస్త నయం. పట్టుకోవడానికి కమ్మీ లేదు, పగలు కూడా చీకటే. మొదటి అంతస్తు ఎక్కకముందే ఆవిడ కూలబడ్డారు. స్టేషన్ నుంచి తీసుకొచ్చిన టాక్సీ సర్దార్‌జీ అది చూసి, సామాను దింపిన చేతులతోనే పైకెళ్ళి ఒక కుర్చీ తెచ్చాడు. ఆవిడని అందులో కూర్చోబెట్టి, ఒకవైపు తనూ, ఒకవైపు సదాశివరావూ పట్టుకుని మూడో అంతస్తుకి మోశారు. "మాతాజీ, ఆంఖే బంద్ కర్ లో" అన్నాడు మధ్యలో. ఆ మాట అప్పుడు ఆవిడకి తెలియకపోయినా కళ్ళు వాటంతటవే మూసుకున్నాయి. టీ తాగమన్నా తాగకుండా వెళ్ళిపోయాడు. పేరైనా అడగలేదే అని నొచ్చుకుని, ఆనాటి నుంచి పూజలో తనవాళ్ళందరి పేర్లూ చెప్పుకున్నాక 'ఆ తలపాగా అబ్బాయినీ చల్లగా చూడు స్వామీ' అని ఒక మాట కలుపుకునేవారు.

ఆ తర్వాత ఆవిడ కిందికి దిగింది ఒక్కసారే, కంట్లో శుక్లం తీయించుకోవడానికి. ఆ పూటా కుర్చీలోనే దింపి కుర్చీలోనే ఎక్కించారు. సదాశివరావు నడుము పట్టేసి నాలుగు రోజులు మంచం దిగలేదు. అది చూశాక, నన్ను కిందికి తీసుకెళ్ళరా అని కొడుకుని అడగడానికి ఆవిడకి నోరు రాలేదు.

సదాశివరావు ఆర్.కె.పురంలో కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో అసిస్టెంటు. కోడలు సుభద్ర నెహ్రూ ప్లేస్‌లో ఒక కంపెనీలో టైపిస్టు. హరిప్రియ ఐదో తరగతి. ముగ్గురూ పొద్దున్నే వెళ్ళిపోతే ఇంట్లో జానకమ్మగారూ, దేవుడి పటాలూ, వీధి వైపున్న చిన్న బాల్కనీ మిగిలేవి. ఆ బాల్కనీలో తాడు కట్టిన బుట్ట ఒకటి ఉండేది. కూరగాయల బండి రామ్‌సరన్ కింద నిలబడి "మాతాజీ, భిండీ, తోరీ" అని కేక వేస్తే ఆవిడ బుట్ట వదిలేవారు. అతను కూర వేసి, పైన ఒక కొత్తిమీర కట్ట, రెండు పచ్చిమిరపకాయలు ఊరికే పెట్టి తాడు కదిపేవాడు. ఏడాది దాటినా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు దగ్గరగా చూసింది లేదు. ఆవిడకి తెలిసింది అతని నెత్తి మీది గళ్ళ తువ్వాలు, అతనికి తెలిసింది పైనుంచి దిగే బుట్ట.

అదే అంతస్తులో ఎదురింట్లో ఉండేది కమలేశ్. రోహ్‌తక్ వైపు పల్లెటూరి పిల్ల, పాతికేళ్ళు కూడా ఉండవు. మొగుడు సిటీ బస్సు డ్రైవరు. ఏడాదిన్నర పిల్లవాడు మోనూ. తెల్లవారుజామున కుళాయిలో నీళ్ళు రాగానే ఆ పిల్ల ముందు వీళ్ళ తలుపు మీద చేత్తో కొట్టి "అమ్మాజీ, పానీ" అని, తర్వాతే తన బిందె పెట్టుకునేది. పాలబూతుకి వెళ్ళినా, మిద్దె మీద బట్టలు ఆరేయబోయినా పిల్లవాణ్ణి తెచ్చి జానకమ్మగారి ఒళ్ళో పడేసి పోయేది. పగలంతా వాళ్ళిద్దరికీ భాష లేదు. చేతులతో, మొహాలతో నడిచేది వ్యవహారం. మధ్యాహ్నం హరిప్రియ బడి నుంచి వచ్చాక మాటలు మొదలయ్యేవి.

"మీ దాదీ పొద్దునా చావల్ తింటుంది, రాత్రీ చావల్ తింటుంది. అందుకే మోకాళ్ళు అన్నంలాగే ఉడికిపోయాయని చెప్పు" అనేది కమలేశ్ తన హిందీలో, గుమ్మంలో చతికిలబడి బఠాణీలు ఒలుస్తూ.

హరిప్రియ చెప్పేది. జానకమ్మగారు తలెత్తకుండానే, "ఆ రొట్టెలు నమిలీ నమిలీ దాని గొంతు వాళ్ళాయన బస్సు హారనైందని చెప్పు" అనేవారు.

పిల్ల నీళ్ళు నమిలి, "ఆంటీ, మీ రోటీలు చాలా బాగుంటాయంటోంది నాయనమ్మ" అని హిందీలో చెప్పేది.

"ఝూఠీ" అనేది కమలేశ్. "ఆ మొహం చూస్తే తెలియదూ, నన్నేదో అంది." ఇద్దరు ఆడవాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకుని పగలబడి నవ్వేవారు. మధ్యలో హరిప్రియే ఎర్రబడేది.

ఆ పిల్ల మోనూని తెచ్చి ఒళ్ళో వేసినప్పుడల్లా జానకమ్మగారికి మేడ కాస్త కిందికి దిగినట్టుండేది. దేవుడు నా కాళ్ళు తీసుకుని ఎవరి పిల్లవాడి కాళ్ళో ఇచ్చాడు అనుకునేవారు.

ఆ ఏడు దసరా రోజుల్లో మోనూకి పుట్టువెంట్రుకలు తీయించారు. గుండుకి పసుపు రాసి, జరీ కోటు తొడిగి, మెడలో గొలుసు వేసి మేడంతా తిప్పారు. అందరూ ఎత్తుకున్నారు, అందరూ ముద్దులాడారు. ఆ రాత్రి నుంచి పిల్లవాడు పాలు ముట్టకుండా ఒకటే ఏడుపు. మర్నాడు సాయంత్రం కమలేశ్ కిరసనాయిలు వరసలో నిలబడటానికి వెళుతూ వాణ్ణి తెచ్చి జానకమ్మగారి దగ్గర వదిలింది. వాడు ఆవిడ భుజం మీద కూడా నిలవలేదు. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

దిష్టి కొట్టిందని ఆవిడకి చూడగానే తెలిసింది. వాళ్ళ వైపు ఇలాంటి గట్టి దిష్టికి ఉప్పూ మిరపకాయలూ చాలవు. అన్నంలో పసుపు కలిపి ఒక ముద్ద, కుంకుమ కలిపి ఒక ముద్ద, బొగ్గుపొడి కలిపి ఒక ముద్ద చేసి, పిల్లవాడి చుట్టూ తిప్పి, మూడు దారులు కలిసే చోట పెట్టి రావాలి. వెనక్కి తిరిగి చూడకూడదు. ఎవరికీ చెప్పకూడదు. వచ్చి కాళ్ళు కడుక్కోవాలి. సదాశివరావుకి చిన్నప్పుడు ఎన్నిసార్లు తీసి ఊరి కూడలిలో పెట్టారో లెక్కలేదు.

ముద్దలు చేశారు. తిప్పారు. పిల్లవాడు ఏడుపు ఆపి ఆ రంగుల వైపు చూశాడు కూడా. కానీ పెట్టడం ఎక్కడ? వీధిలో పాల దుకాణం ముందు మూడు దారులు కలుస్తాయి. ఆ చోటు బాల్కనీలోంచి కనిపిస్తూనే ఉంటుంది. కనిపిస్తే ఏం లాభం, కాలికి అందదు. పదేళ్ళ పిల్ల చేతికి ఇలాంటివి ఇవ్వకూడదు. కొడుకుని అడిగితే, ఇంకా ఇవేం పనులమ్మా అంటాడు.

ఆవిడ ముద్దలున్న ఆకు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఆలోచించారు. కింది నుంచి వచ్చే మెట్లు ఒక దారి. మిద్దె మీదికి పోయే మెట్లు ఒక దారి. తమ రెండిళ్ళ మధ్య నడవా ఒక దారి. మూడూ ఆ మలుపులో ఉన్న వెడల్పాటి మెట్టు దగ్గరే కలుస్తున్నాయి. మూడు దారులంటే ఇవీ మూడు దారులే కదా, మనుషులు నడిచేవే కదా. స్వామికి నా కాళ్ళ సంగతి తెలియదా, ఆయన దీన్నే కూడలి అనుకోడా. అలా అనుకుని, గోడ పట్టుకుని వెళ్ళి, ఆ మెట్టు మూల ఆకు పెట్టి, నీళ్ళు చిలకరించి, వెనక్కి చూడకుండా వచ్చి కాళ్ళు కడుక్కున్నారు.

సాయంత్రం మెట్లెక్కి వచ్చినవాళ్ళెవరికీ ఆ చీకటి మూలలో ఆకు కనబడలేదు. ఆ రాత్రి ఎదురింటి నుంచి ఏడుపు వినిపించలేదు. నిద్రపోయాడు నా తండ్రి అని ఆవిడా నిద్రపోయారు.

తెల్లవారకుండానే అరుపులు. డ్యూటీకి బయల్దేరిన కమలేశ్ మొగుడు మెట్టు మలుపులో ఆకు దాటాడు. దాటాక లైటు వేసి చూశాడు. ఎర్రన్నం, పచ్చన్నం, నల్లన్నం. ఎవరో తమ గుమ్మంలో చేతబడి చేశారని అతను గోడ పట్టుకుని నిలబడిపోయాడు. కమలేశ్ వచ్చి చూసి పిల్లవాణ్ణి గుండెకి అదుముకుని లోపలికి పరిగెత్తింది. కింది అంతస్తుల వాళ్ళు ఎక్కి వచ్చారు. ఇంటి యజమాని చౌధరీ చేతికర్రతో వచ్చి, ఎవరి పని ఇది, ఇప్పుడే చెప్పండి, లేకపోతే అందరి సామానూ వీధిలో ఉంటుందన్నాడు. పిల్లవాడికి ఒళ్ళు కాలిపోతోందని లోపలి నుంచి కమలేశ్ అరిచింది.

జానకమ్మగారు తలుపు తీసుకుని బయటికి వచ్చారు. భయపడటానికి ఆవిడకి కారణమేమీ కనబడలేదు. నిదానంగా, తెలుగులో, అందరి వైపూ చూస్తూ చెప్పారు. "నేనే పెట్టాను నాయనా. పిల్లాడికి దిష్టి తగిలింది, పాలు తాగటం లేదు. మా వైపు ఇలాగే తీస్తాం. కూడలిలో పెట్టాలి, నేను దిగలేను గదా, అందుకని ఇక్కడ పెట్టాను. వాడు నా ఒళ్ళో పెరుగుతున్న పిల్లాడు, వాడికి నేను చెడు తలపెడతానా."

అక్కడ ఆ మాటలు అర్థమైంది ఇంట్లోవాళ్ళకే. తండ్రి వెనక లుంగీ పట్టుకుని హరిప్రియ నిలబడి ఉంది. అందరూ సదాశివరావు వైపు చూశారు. అతను చౌధరీ చేతికర్ర చూశాడు. బస్సు డ్రైవరు పిడికిళ్ళు చూశాడు. తర్వాత చేతులు జోడించి, "మాఫ్ కర్‌నా భాయీసాబ్. మాఁ కా దిమాగ్ ఠీక్ నహీ హై" అన్నాడు.

జనం మెత్తబడ్డారు. ఎవరో అయ్యో అన్నారు. పిచ్చి ముసలిది, జాగ్రత్తగా చూసుకోండి అని చౌధరీ దిగిపోయాడు. ఏడాదిన్నరలో ఆవిడ నేర్చుకున్న హిందీ ముక్కల్లో దిమాగ్ అనే మాట ఉంది.

అందరూ వెళ్ళాక అడిగారు. "నాకు మతి లేదని చెప్పావా నాన్నా?"

సదాశివరావు తల ఎత్తలేదు. "ఏం చెప్పమంటావమ్మా. తిప్పావని, తీశావని చెబితే వింటారా వాళ్ళు? చేసినట్టు ఒప్పుకుందంటారు. చౌధరీ మనల్ని ఇవాళే ఖాళీ చేయించేవాడు. మతి లేదంటే జాలిపడి ఊరుకున్నారు. ఇది బాపట్ల కాదమ్మా."

"నిజమేలే" అన్నారావిడ. కాఫీ కలిపి ఇచ్చారు.

ఆ సాయంత్రమే అతను ఇనప జాలీ తలుపుకి తాళం తెచ్చాడు. చెక్క తలుపు గాలికి తీసి ఉంచుకోవచ్చు, జాలీకి మాత్రం బయట తాళం. "ఎవరైనా గొడవకొస్తే నువ్వొక్కదానివీ ఏం చేస్తావ్. మధ్యాహ్నం హరి వచ్చి తీస్తుంది" అన్నాడు. తాళంచెవి రిబ్బన్‌కి కట్టి కూతురి మెడలో వేశాడు. "ఆ రోజు సంగతి ఎవరితోనూ ఎత్తకూడదు. నాయనమ్మ ఏదన్నా చెప్పమన్నా సరే. అర్థమైందా?" పిల్ల తలూపింది.

అలా జానకమ్మగారికి కాళ్ళతో పాటు నోరూ పోయింది.

పొద్దున్నే తలుపు మీద చెయ్యి పడేది కాదు. గొట్టాలు దగ్గినట్టు చప్పుడైతే నీళ్ళొచ్చాయని తెలుసుకునేవారు. ఇంట్లోవాళ్ళు వెళ్ళేటప్పుడు జాలీ తలుపు మూసుకోవడం, తాళం తిరగడం, అడుగుల చప్పుడు మెట్ల మీద దిగిపోవడం. ఆ దిగిపోవడం చివరిదాకా వినేవారు. సుభద్ర వెళుతూ వెళుతూ మజ్జిగ చెంబు మంచం పక్కనే పెట్టి, అన్నం గిన్నె మీద మూత వదులుగా పెట్టి, "సాయంత్రం పెందలాడే వస్తా అత్తయ్యా" అనేది. పెందలాడే వచ్చేది కూడా, పరుగున, చెమటతో. ఏనాడూ ఆ పిల్ల ఆ ముద్దల ఊసెత్తలేదు. ఒకరోజు ఏదో గుడి దగ్గర నుంచి మల్లెచెండు ఆకులో చుట్టి తెచ్చి ఏమీ చెప్పకుండా పటం ముందు పెట్టింది. ఈ ఇంట్లో ఎవరికీ నా మీద కోపం లేదు, అయినా నాకు తలుపు లేదు అనుకున్నారు జానకమ్మగారు. కోపం ఉన్నా బాగుండేది, ఎప్పటికైనా తగ్గుతుంది.

బుట్ట వదలడం కూడా మానేశారు. ఎందుకొచ్చిందమ్మా, కూరలు నేను తెస్తానుగా అన్నాడు సదాశివరావు. రామ్‌సరన్ మాత్రం రోజూ ఆ బాల్కనీ కింద బండి ఆపి, కాసేపు పైకి చూసి, ఇంకోసారి పిలిచి అప్పుడు వెళ్ళేవాడు. ఆవిడ లోపలి నుంచే వినేవారు.

కమలేశ్ ఎదురుగానే ఉండేది. తలుపు తీసేటప్పుడు, వేసేటప్పుడు దుపట్టా మొహం మీదికి లాక్కుని అటు తిరిగి నడిచేది. మోనూ జ్వరం తగ్గి మళ్ళీ తిరుగుతున్నాడు. ఒకరోజు వాడు పరిగెత్తుకొచ్చి జాలీ కన్నాల్లోంచి వేళ్ళు దూర్చాడు. ఎప్పుడూ ఆడే ఆటే. లోపల నుంచి ఆవిడ ఆ వేళ్ళు పట్టుకుంటే వాడు కిలకిలా నవ్వాలి. కమలేశ్ దడదడా వచ్చి వాడి వీపున ఒకటి వేసి ఎత్తుకుపోయింది. ఆ తర్వాత వాడి అడుగులు వినిపిస్తే జానకమ్మగారే లేచి, వాడికి కనబడకుండా లోపలి గదిలోకి వెళ్ళిపోయేవారు. తన మూలంగా పసివాడు దెబ్బ తినకూడదు.

దీపావళికి మేడలో అన్ని గుమ్మాల నుంచీ మిఠాయి పళ్ళేలు తిరిగాయి. వీళ్ళ గుమ్మానికి రాలేదు. సుభద్ర చేసిన అరిసెలు డబ్బాలోనే ఉండిపోయాయి. కార్తీకమాసం వచ్చింది. ఆవిడ సాయంత్రంపూట జాలీకి లోపలివైపు గడప మీద దీపం పెట్టేవారు. ఆ వెలుగు కన్నాల్లోంచి గళ్ళు గళ్ళుగా నడవాలో పడేది. ఆ గళ్ళ మీద కాలు పడకుండా కమలేశ్ మోనూని చంకనెత్తుకుని గోడవారగా నడిచేది. అది చూసిన మర్నాటి నుంచి దీపం దేవుడి దగ్గరికి మార్చేశారు. స్వామికి ఎక్కడ పెట్టినా ఒకటే.

హరిప్రియ ఒకరోజు వస్తూనే పుస్తకాల సంచీ విసిరేసింది. మెట్ల మీద పిల్లలు జాదూగర్నీ కీ పోతీ అన్నారట. మంత్రగత్తె మనవరాలు అని.

"అంతా నీ వల్ల" అంది. తెలుగులో అని, చాలక హిందీలో కూడా అంది.

జానకమ్మగారు పెరుగన్నం కలిపి తెచ్చారు. పిల్ల తినలేదు. కాసేపటికి తనే పక్కకి జరిగి, "నువ్వేం బురా పని చెయ్యలేదని నాకు తెలుసు నాయనమ్మా" అంది.

"నాకు తెలుసు, నీకు తెలుసు. తెలియాల్సింది ఆ ఎదురింటి పిల్లకి."

"నాన్న చెప్పొద్దన్నారు."

"ఊఁ" అన్నారావిడ. పదేళ్ళ పిల్లని తండ్రికీ నాయనమ్మకీ మధ్య నిలబెట్టి లాగడం పాపమనిపించింది. "తిను. పెరుగు పుల్లనవుతుంది."

కార్తీకం చివర్లో ఒక మధ్యాహ్నం. బయట చలిగాలి మొదలైంది. హరిప్రియ మెట్లెక్కి వచ్చి తాళం తీస్తోంది. ఎదురింటి తలుపు తెరుచుకుంది. కమలేశ్ మోనూని చంకలో వేసుకుని గుమ్మంలోనే నిలబడింది.

"ఏయ్ హరీ. ఇటు చూడు. ఒకటి అడుగుతా, అబద్ధం చెప్పావంటే చెవి మెలిపెడతా."

పిల్ల బిగుసుకుపోయింది. లోపల పీట మీద కూర్చున్న జానకమ్మగారు లేచి నిలబడ్డారు.

"ఆ రోజు మీ దాదీ బయటికి వచ్చి చాలాసేపు చెప్పింది. ఇంత పొడుగు." కమలేశ్ చెయ్యి చాపింది. "మీ నాన్న ఇంతే చెప్పాడు." వేలి కొస చూపించింది. "మిగతాదంతా ఎక్కడికి పోయింది?"

హరిప్రియ తాళంచెవిని రిబ్బన్‌తో మెలిపెడుతూ నిలబడింది.

"నేను రోజులకొద్దీ ఆలోచించా. టోనా, చేతబడి చేసినవాళ్ళు ఎక్కడైనా తలుపు తీసుకుని వచ్చి నేనే చేశానన్నట్టు నిలబడతారా? మా ఊళ్ళో ఒకామె మీద ఇలాగే అన్నారు, ఆమె దొరికిందా ఎవరికైనా? మూడు ఊళ్ళవతల పారిపోయింది. మీ దాదీ మా ఆయన ఎదురుగా వచ్చి కళ్ళలోకి చూసి మాట్లాడింది. మా ఆయన కళ్ళలోకి నేనే చూడను." మోనూని ఇంకో చంకలోకి మార్చుకుంది. "ఇక పిచ్చి అంటావా? పిచ్చిదైతే నన్నన్ని తిట్లు తిట్టేదా, నువ్వు దాచినవన్నీ?"

జానకమ్మగారికి మాటలు అందలేదు గానీ ఆ గొంతు అందింది. అందులో పాత కమలేశ్ ఉంది. "ఏమంటోందమ్మా?" అని అడిగారు.

"ఆ రోజు నువ్వు ఏమన్నావో అడుగుతోంది." పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "చెబితే నాన్న తప్పు చెప్పారని అవుతుంది నాయనమ్మా."

జానకమ్మగారు గుమ్మం పట్టుకుని కొంచెం ముందుకి వచ్చారు. "మీ నాన్న చెప్పింది మనల్ని కాపాడుకోవడానికి. దాని గురించి నువ్వేమీ అనక్కర్లేదు. ఆవిడ అడిగింది నేనేమన్నానని. నేనన్నది నువ్వు విన్నావు. విన్నది చెప్పు. ఇంటికొచ్చాక మీ నాన్నకి నేనే చెబుతా, చెప్పించింది నేనని."

హరిప్రియ చెప్పింది. మొదట నేల చూస్తూ, తర్వాత కమలేశ్‌ని చూస్తూ. దిష్టి, పాలు తాగకపోవడం, మూడు రంగుల అన్నం. ఈసారి ఏదీ మెత్తబరచలేదు, ఏదీ మింగలేదు.

"నజరా?" అంది కమలేశ్ పిల్ల మాట పూర్తికాకుండానే. "నజర్ మేమూ తీస్తాం. మిరపకాయలతో తీస్తాం. అన్నంతో తీస్తారని ఎవరికి తెలుసు? మీ వాళ్ళకి అన్నిటికీ చావల్ కావాలా?" నవ్వబోయి ఆపుకుంది. "అయినా తీసినదాన్ని ఎవరైనా మెట్ల మీద పెడతారా? చౌరాహాలో పెట్టాలి. ఈ ముసలమ్మకి అంత మాత్రం తెలియదా?"

హరిప్రియ నాయనమ్మ వైపు తిరిగి చెప్పింది. జానకమ్మగారు జాలీ తలుపు మీద చెయ్యి వేసి, ఎంత మామూలు సంగతో అంత మామూలుగా అన్నారు.

"తెలుసమ్మా. కూడలిలోనే పెట్టాలి. ఎవరు దింపుతారు నన్ను? అందుకే అదిగో, ఆ మెట్టు దగ్గర మూడు దారులున్నాయి కదా అని పెట్టాను."

పిల్ల ఆ మాట చెప్పగానే కమలేశ్ తల తిప్పి మెట్ల మలుపు వైపు చూసింది. కింది నుంచి వచ్చే మెట్లు, పైకి పోయే మెట్లు, నడవా. ఒకదాని తర్వాత ఒకటి చూసింది. నోటికి దుపట్టా అడ్డం పెట్టుకుంది.

"మీ దాదీ కిందికి వెళ్ళి ఎన్నాళ్ళైంది?" అని అడిగింది.

హరిప్రియ వేళ్ళు మడిచి లెక్కపెట్టబోయి ఆగిపోయింది. "కంటి ఆపరేషన్‌కి. నేను మూడో క్లాసులో ఉన్నప్పుడు."

"అప్పటి నుంచీ? నేను రోజూ ఇన్నిసార్లు దిగుతా, ఎక్కుతా. ఈవిడకి దిగడం ఇష్టం లేదనుకున్నా. పెద్దింటి ఆవిడ, మెట్లు దిగదు అనుకున్నా." గొంతు తగ్గింది. "తాళం ఎందుకు మరి?"

"మీరు గొడవ చేస్తారని."

మోనూ చంకలోంచి జారి, నేల మీద నిలబడి, తిన్నగా జాలీ దగ్గరికి వచ్చి కన్నాల్లోంచి వేళ్ళు దూర్చాడు. జానకమ్మగారు కదల్లేదు. వెనక్కి వెళ్ళాలో వద్దో తెలియక కమలేశ్ మొహం చూశారు. కమలేశ్ వాణ్ణి పిలవలేదు. అప్పుడు ఆవిడ ఆ వేళ్ళు పట్టుకున్నారు.

హరిప్రియ జాలీ తలుపు తెరిచి పక్కకి నిలబడింది.

జానకమ్మగారు గడప దాటలేదు. ఇన్నాళ్ళూ ఎవరినీ ఏమీ అడగలేదు. కొడుకు నడుము మళ్ళీ పట్టేస్తుందని అడగలేదు, కోడలికి తీరికెక్కడిదని అడగలేదు, పిల్ల చిన్నదని అడగలేదు. ఎదురింటి పిల్లని అడగొచ్చని అసలు తోచనేలేదు. పిల్లవాణ్ణి ఇచ్చిపుచ్చుకుంటున్నాం కదా, అదే చాలనుకున్నారు. ఇప్పుడు ఆ పిల్ల చేతులు చూశారు. బిందెలు మోసీ మోసీ గట్టిపడ్డ చేతులు.

"హరీ, ఒకటి అడగాలి. నేను చెప్పినట్టే అడుగు. మర్యాదలేమీ కలపకు."

"అడుగు నాయనమ్మా."

"రేపు పొద్దున పాలబూతుకి వెళ్ళేటప్పుడు నన్ను కూడా తీసుకెళ్ళమను. నా కొడుకుతో నేను మాట్లాడుకుంటాను, దాని గురించి భయపడొద్దను. కుర్చీ వద్దు, మోయొద్దు. తన చెయ్యి పట్టుకోనిస్తే చాలు, కూర్చుంటూ లేస్తూ దిగుతాను. మధ్యలో నేను ఏడ్చినా, వద్దు తిరిగి పోదామన్నా వినొద్దని చెప్పు. కాసేపు కూర్చోనిచ్చి మళ్ళీ లేపమను."